బెంగుళూరు నాగరత్నమ్మ

మన పల్లెలలో ఎవరైన నొక రామమందిరము కట్టించినచో శ్రీరామనవమినాడు మొదటి తీర్థము వారికే యిత్తుము. తాంబూలములు పంచునపుడు వారి పేరే ముందుగా పిలుతుము. కట్టించినవారు కాలము చేసిన పిదపను వారి సంతతికి ఆ మర్యాద జరుపుచునే యుందుము. అందులో ఇసుమంత లోపము వచ్చినను ఊరు రెండు పక్షములగును. ఇది మీకు నేను చెప్పవలసిన పని లేదు. ఇట్టి తగవులను కూర్చుండి తీర్చిన పెద్దలు మీలో పలువురుందురు.

ఒక స్త్రీ జీవితమంతయు పాడి గడించిన సొమ్ముతో నేల కొని, గుడి కట్టించి, మూర్తిని ప్రతిష్ఠింపజేసెను. ఆ గుడి ముంగిట ఏటేట జరుగు గానోత్సవమున పాడుటకు మాత్రము ఆమె కధికారము లేదనిరి. ఆ యధికారము చేతికి వచ్చువఱకు 16 సంవత్సరములు పట్టెను. ఆ స్త్రీ బెంగుళూరు నాగరత్నమ్మ. ఆ గుడి తిరువయ్యారున కావేరీ తీరముననున్న త్యాగరాజస్వామివారి సమాధిమందిరము. త్యాగరాజస్వామివారి కీర్తనలు పాడని భజనమందిరము మన దేశమున నుండదు. వాటిని వ్రాసిన మహానుభావుని సమాధిని నిలిపిన యామెను గూర్చి మనకు తెలిసినది మాత్రము మిక్కిలి కొద్ది. అందుచేత ఈ సాయంకాలము ఆమె కథను మీకు విన్నవింప దలచితిని.

నాగరత్నమ్మ 1878వ సంవత్సరము నవంబరు 3వ తేదీన, మైసూరు సీమలోని నంజనగూడు ప్రాంతమున జన్మించెను. తల్లి పుట్టలక్ష్మి దేవదాసి కుటుంబమునకు చెందినది. తండ్రి సుబ్బారావు వకీలు. బిడ్డ పసితనముననే ఆయన వీరిని విడిచిపెట్టెను.

దేవదాసి యనగానే కొందఱు పెదవి విఱుతురు. కనుక ఆ కాలపు స్థితి కొంత చెప్పక తప్పదు. దేవాలయమున కంకితమైన ఈ స్త్రీలకు వివాహము లేదు. ఆస్తి ఆడుబిడ్డలకు సంక్రమించెడిది, కావున వారి యిండ్లలో ఆడుపిల్ల పుట్టినచో అదియే పండుగ. గృహస్థుల యిండ్లలో ఆడుపిల్లచేత ఓనమాలు దిద్దించుటకే వెనుకాడుచుండిన దినములలో, ఈ కుటుంబముల బాలికలు సంగీతము, నాట్యము, తెలుగు, సంస్కృతము నేర్చుచుండిరి. అయితే ఆ విద్యకు వెల యుండెను. వారి బ్రతుకు ఎవరో ఒక పోషకుని దయపై నాధారపడియుండెడిది. దయ తప్పినచో తల్లి బిడ్డ నెత్తుకొని వేఱొక యూరికి పోవలసినదే. పుట్టలక్ష్మి కట్లే జరిగెను.

ఆమె మైసూరు చేరి తిమ్మయ్యశాస్త్రి యను సంస్కృత పండితుని ఆశ్రయించెను. ఆయన ఈ పిల్లకు సంస్కృతము చెప్పెను. పిల్ల చుఱుకైనది, చదువు త్వరగా పట్టువడెను. ఇంతలో ఆ యాశ్రయమును చెడెను. ఈ పిల్ల పేడ యెత్తుటకే తగునని ఆ పండితు డెత్తిపొడిచె ననియు, కూతురు విద్వాంసురాలని పేరు తెచ్చుకొన్న దినముననేగాని మరల మైసూరున నడుగుపెట్టనని తల్లి ప్రతిన పట్టె ననియు చెప్పుదురు. మాట నిజమైనను, పిదపివారు చేర్చినదైనను, పుట్టలక్ష్మి పట్టుదల మాత్రము నిజమే. ఆమె గురువులను వెదకికొనుచు తిరిగి, తుదకు బెంగుళూరు చేరి, మునుస్వామప్ప యను విద్వాంసునియొద్ద బిడ్డకు సంగీతము చెప్పించెను.

ఈ మునుస్వామప్ప గురుపరంపరను మీరు కొంచెము మనసున నుంచుకొనవలెను. ముందు జరిగిన దాని కంతకును అదియే మూలము. త్యాగరాజస్వామివారి శిష్యపరంపరలలో ముఖ్యమైనవి మూడు: ఉమయాళ్పురమువారిది, తిల్లస్థానమువారిది, వాలాజాపేటవారిది. వాలాజాపేట వేంకటరమణ భాగవతులు సౌరాష్ట్రులు. గురువుగారి కృతులను వ్రాసి భద్రపఱచిన పుణ్యాత్ములలో ఆయన ముఖ్యుడు. ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతులు. ఆయన శిష్యుడు మునుస్వామప్ప. మునుస్వామప్పకు శిష్యురాలు నాగరత్నమ్మ. అనగా త్యాగరాజస్వామివారినుండి నాలుగవ తరమున ఈమె యున్నది. తాతగారి తాతగారు ఎవరో తెలిసిన యింట పెరిగిన పిల్లకు ఆ వంశముపై నెట్టి యభిమాన ముండునో, ఈమెకు త్యాగరాజస్వామివారిపై నట్టి యభిమాన మేర్పడెను.

పుట్టిన సీమ కన్నడదేశమైనను ఆమె తెలుగును శ్రద్ధతో చదివెను. ఇది చిన్న విషయము కాదు. దక్షిణదేశమున తెలుగు రాని గాయకులు తెలుగు కృతులను పాడునపుడు, పదమును నడుమ విఱిచి, తల యొకచోట, మొండెమొకచోట పెట్టుట మనమందఱము విన్నదే. అర్థమెఱిగి పాడువారి పాట వేఱుగా నుండును.

నాగరత్నమ్మకు పదునాలుగేండ్లు నిండుసరికి తల్లి గతించెను. ఫిడేలు విద్వాంసుడైన మేనమామ ఆమెను చేరదీసెను. 15 ఏండ్ల ప్రాయమున వీణ శేషన్నగారి యింట విద్వాంసుల యెదుట ఆమె తొలిసారి పాడెను. వీణ శేషన్నగారు మైసూరు ఆస్థానమున మహావిద్వాంసులు. ఆయన యింట మెప్పు పొందినచో ఆ సీమలో మఱొకరి మెప్పు అక్కఱలేదు. తల్లి ప్రతిన ఆనాటితో చెల్లినది. చూచుటకు తల్లి లేదు.

పిదప కొంతకాలము బెంగుళూరున, న్యాయమూర్తి నరహరిరావుగారి పోషణమున నుండి, ఇరువదవ శతాబ్ది మొదటి సంవత్సరములలో మద్రాసు చేరెను. వీణ ధనమ్మాళ్, కోయంబత్తూరు తాయి వంటి గాయనీమణులు ఆ నగరమున వెలుగుచుండిన కాలమది. అందు నాగరత్నమ్మయు నొక స్థానము సంపాదించుకొనెను. కొంచెము మగగొంతు పోలిక గల గంభీరమైన కంఠ మామెది. యదుకులకాంభోజి రాగము పాడుటలో ఆమెకు ప్రత్యేకమైన పేరుండెను. నాట్యమును, అభినయమును నేర్చినది కావున పదము పాడినచో అర్థము కంటికి కట్టెడిది. హరికథలును చెప్పెడిది. గ్రామఫోను మన దేశమునకు వచ్చిన తొలినాళ్ళలోనే ఆమె పాట రికార్డుల కెక్కెను. ఎక్కడ, ఏ దినమున పాడినదియు దినచర్య పుస్తకమున వ్రాసికొనుట ఆమెకు వాడుక; ఆ లెక్కను బట్టి ఆమె కచేరీలు వేయికి పైబడినవి. మద్రాసు నగరమున ఆదాయపు పన్ను చెల్లించిన మొదటి కళాకారిణి ఈమెయే యని ప్రసిద్ధి. పన్ను కట్టుట ఘనతయా యని మీరు నవ్వవచ్చును. పోషకుని యీగిపై బ్రతుకవలసిన కులమున పుట్టిన స్త్రీ, సొంత గడనకు సర్కారునకు లెక్క యొప్పగించు స్థితికి వచ్చెననుట ఘనతయే యని నా యభిప్రాయము.

ఇంక ఆమె జీవితమున జరిగిన రెండు పోరాటములలో మొదటిది చెప్పెదను. ఇది పాటకు సంబంధించినది కాదు, పుస్తకమునకు సంబంధించినది. అందును మన తెలుగు పుస్తకమునకు.

తంజావూరును మహారాష్ట్రరాజులు పాలించుచుండినపుడు, ప్రతాపసింహ మహారాజు కొలువున, అనగా 1739 నుండి 1763 వఱకు గల కాలమున, ముద్దుపళని యను కవయిత్రి యుండెను. ఆమెయు దేవదాసియే. ఆమె రాధికా సాంత్వనమను శృంగారకావ్యమును తెలుగున రచించెను. తాను పెంచిన ఇళను రాధ స్వయముగా కృష్ణునికి పెండ్లిచేసి, తరువాత తాళజాలక పరితపించుట, కృష్ణుడు వచ్చి యామెను సాంత్వనపఱచుట అందలి కథ. తంజావూరి ఆంధ్రరాజుల చరిత్ర చదువుచుండగా నాగరత్నమ్మకు ఈ కావ్యము పేరు కనబడెను. వెదకగా, 1887లో అచ్చుపడిన ప్రతి యొకటి దొరకెను. అది తప్పులతడకగా నుండి, కొన్ని పద్యములు లోపించియుండెను. ఆమె యంతటితో నూరకుండక వ్రాతప్రతిని సంపాదించి, రెంటిని సరిపోల్చి, లోపములను పూరించి, పీఠిక వ్రాసి, 1910లో వావిళ్ల రామస్వామిశాస్త్రులు అండ్ సన్స్ వారి ద్వారమున ప్రకటించెను. కచేరీలతో ఊరూర తిరుగుచుండిన గాయని ఈ పని యెప్పుడు చేసెనో నాకు వింతగా నుండును. పండితు లొక్క కావ్యము పరిష్కరించుటకు ఏండ్లు పట్టుట మనమెఱుగుదుము.

కందుకూరి వీరేశలింగము పంతులుగారు అంతకుముందే ఆంధ్రకవుల చరిత్రమున ముద్దుపళనిని సంగీతసాహిత్యములందు ప్రవీణురాలని యొప్పుకొనుచునే, ఆడుది నోటరాని మాటలు వ్రాసినదని కావ్యమును నిందించియుండిరి. దీనికి నాగరత్నమ్మ పీఠికలో సమాధానము వ్రాసెను. సిగ్గుబిడియములు స్త్రీకేగాని పురుషునకు లేవా? పురుషులు వ్రాసిన ప్రబంధములలో ఇంతకంటె ముదురు శృంగారమును పండితులు మెచ్చుకొనుచుండగా, ఈ యొక్క పుస్తకముపైననే యీ కోప మెందులకు? ఆమె వాదముయొక్క సారమిది. తన కులమున పుట్టిన స్త్రీ వ్రాసినది గనుకను, రసవంతమైనది గనుకను దీనిని వెలికి తెచ్చితినని ఆమె దాపఱికము లేకుండ చెప్పెను.

పంతులుగారు స్త్రీవిద్యకును, వితంతువులకును చేసిన మేలు తెలుగుదేశము మఱువజాలదు. ఆయనపై నాకు గల గౌరవము మీలో నెవరి గౌరవమునకును తీసిపోదు. అయినను ఈ తగవున న్యాయము నాగరత్నమ్మ వైపుననే యున్నదని చెప్పక తప్పదు. ప్రబంధములన్నియు కాల్చుడనినచో అది యొక న్యాయము. మగవారివి ఉంచి ఆడుదానిది కాల్చుడనుట న్యాయము కాదు.

1911లో ప్రభుత్వమువారు ఆ పుస్తకము అశ్లీలమని ప్రతులను పట్టుకొనిరి. పండితులు విన్నపములు పంపుకొనిరి, లాభము లేకపోయెను. దాదాపు 35 సంవత్సరములు ఆ కావ్యము చాటున నుండెను. తుదకు టంగుటూరి ప్రకాశము పంతులుగారు మద్రాసు రాష్ట్రమునకు ప్రధానిగా నున్న దినములలో చేసిన ప్రయత్నమువలన 1947లో నిషేధము తొలగెను. వావిళ్లవారు 1952లో మరల అచ్చొత్తించిరి.

రెండవది తిరువయ్యారు కథ.

త్యాగరాజస్వామివారు 1847 జనవరి 6వ తేదీన, పుష్య బహుళ పంచమినాడు, సన్న్యాసము స్వీకరించిన యనంతరము సిద్ధి పొందిరి. కావేరి యొడ్డున ఒక బృందావనము కట్టిరి. శిష్యులు ఎవరి యూళ్ళకు వారు పోయిరి. ఏటేట ఆరాధన ఎవరి యింట వారు జరుపుకొనుచుండిరి. సమాధిచుట్టు తుప్పలు పెరిగెను. స్వామివారికి ప్రత్యక్షశిష్యులైన ఉమయాళ్పురము కృష్ణ భాగవతులు, సుందర భాగవతులు వృద్ధాప్యమున అచటికి వచ్చి 1903లో దానిని బాగుచేయించిరి. తరువాత తిల్లస్థానము నరసింహ భాగవతులు, పంజు భాగవతులు అను సోదరులు మొదలైనవారు కచేరీలతో ఆరాధనోత్సవము నారంభించిరి. ఉత్సవము పెద్దదయ్యెను, చందాలు వచ్చెను, విద్వాంసులు వచ్చిరి. వెంటనే తగవును వచ్చెను. పెద్ద పక్షము, చిన్న పక్షము అని రెండేర్పడెను. ఒకరి యుత్సవము వేఱు, ఇంకొకరి యుత్సవము వేఱు. రాజాశ్రయమును కాదని ఉంఛవృత్తితో కాలము గడపిన మహాత్ముని సమాధియొద్ద చందాల పట్టికలతో రెండు కూటములు! అన్నిటను భేదించిన యా రెండు పక్షములు ఒక్క విషయమున మాత్ర మేకీభవించెను: అచట స్త్రీలు పాడరాదు.

ఇట్లు ఉత్సవములు పెరుగుచుండగా సమాధి మాత్రము మరల పాడుపడెను. పాడువారు ఏడాదికి కొన్ని దినములు వచ్చి పోవుదురు. తక్కిన దినములలో దీపము పెట్టు దిక్కు లేదు. ఈ వార్త 1921లో నాగరత్నమ్మకు చేరెను. తెలిపినది వృద్ధుడైన గురువు మునుస్వామప్పయే యందురు. స్వామివారు కలలో కనబడి యాజ్ఞాపించి రనియు చెప్పుదురు. ఆమెకు అప్పటికి 43వ యేడు. పేరుండెను, ఇల్లుండెను, నగలుండెను. తన యనంతరము సొత్తు నేమి చేయుదునా యను చింతయు నుండెను.

ఆమె తిరువయ్యారు పోయి చూచెను. సమాధిచుట్టునున్న నేల పరుల స్వాధీనమున నుండెను. మొదట నేల సంపాదించుటకే శ్రమపడవలసివచ్చెను. తుప్పలు కొట్టించి, 1921 అక్టోబరు 27వ తేదీన శంకుస్థాపన చేయించెను. పనులు మూడేండ్లకు పైగా సాగెను. మద్రాసున పాడుట, వచ్చిన సొమ్ము తిరువయ్యారునకు పంపుట, చాలనపుడు నగ లమ్ముట. ఇది ఆ మూడేండ్ల చరిత్రము. 1925 జనవరి 7వ తేదీన త్యాగరాజస్వామివారి మూర్తికి ప్రతిష్ఠ జరిగెను. నిత్యపూజకు ఏర్పాటులు చేయించెను. పూజలో చదువుటకు స్వామివారి 108 నామములతో సంస్కృతమున నామావళిని తానే కూర్చెను. బాల్యమున నేర్చిన సంస్కృతము ఇందులకు పనికివచ్చెను.

గుడి కట్టునపుడు ఏ పక్షమువారును అడ్డుచెప్పలేదు. మందిరమున తానొక హరికథ చెప్పుకొందునని ఆమె యడిగినపుడు మాత్రము ఆడువారికి ఇచట పాడుట, కథ చెప్పుట సంప్రదాయము కాదనిరి. ఏ సంప్రదాయము? ఉత్సవము పుట్టి ఇరువదేండ్లైనను కాలేదు. స్వామివారి పాటను నాలుగు తరముల గురుముఖమున నేర్చినది ఈమె. ఆమె సొమ్ము పనికివచ్చెను, ఆమె పాట పనికిరాలేదు.

ఆమె యలిగి మద్రాసు పోలేదు. కొట్లాటకును దిగలేదు. అధికారులకు అర్జీలు పెట్టెను. తన కులపు స్త్రీలను కూడగట్టుకొనెను. 1927 నుండి, పురుషులు మందిరము ముందరి భాగమున పాడుచుండగా, స్త్రీలు వెనుక భాగమున కూర్చుండి తమ ఆరాధనము తాము జరుపుకొన నారంభించిరి. జనులు దీనికి స్త్రీల పక్షమని పేరుపెట్టిరి. ఒక్క సమాధికి మూడు పక్షములైనవి. మద్రాసునుండియు, తంజావూరు మండలమునుండియు గాయనులు వచ్చి పాడిపోవుచుండిరి. ముందరివారికి వెనుకపాట వినబడకపోదు గదా.

ఆ సంవత్సరములలోనే ఇంకొక వివాదము వచ్చెను. దీనిని కొంచెము జాగ్రత్తగా చెప్పవలెను. మద్రాసు శాసనసభలో మొదటి స్త్రీ సభ్యురాలైన డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు, బాలికలను దేవాలయములకు అంకితము చేయు ఆచారమును మాన్పవలెనని 1927లో తీర్మానము తెచ్చిరి. ఆమె తల్లియు ఆ కులమున పుట్టినదే. ఆ యాచారము చాటున పసిబిడ్డలకు జరుగుచుండిన యన్యాయము ఆమె యెఱుగనిది కాదు. నాగరత్నమ్మ దేవదాసీ సంఘమునకు నాయకురాలై ఆ ప్రయత్నము నెదిర్చెను. దేవదాసి యనగా వేశ్య యని చట్టమున వ్రాసినచో, తమ విద్యకును, ఆస్తి హక్కులకును, మర్యాదకును గతి యేమని ఆమె ప్రశ్న. తుదకు 1947లో చట్టమైనది. అంకితము మాన్పుట మంచిదే. అందు నాకు సందేహము లేదు. కాని ఆ యాచారముతోపాటు తరతరముల విద్య యెంత కొట్టుకొనిపోయెనో, ఆ కుటుంబములలో పుట్టిన గాయనులు తమ పుట్టుకను దాచుకొనవలసిన దుర్దశ యెట్లు వచ్చెనో తలచినపుడు, నాగరత్నమ్మ భయమునకు కారణము లేకపోలేదని యనిపించును. ఆమె మాత్రము తన పుట్టుక నెన్నడును దాచుకొనలేదు.

తిరువయ్యారున పక్షముల తగవు 1940 వఱకు సాగెను. ఎస్. వై. కృష్ణస్వామిగారను ఐ. సి. ఎస్. అధికారియు, కొందఱు విద్వాంసులును నడుమ నిలిచి అందఱను కలిపిరి. శ్రీ త్యాగబ్రహ్మ మహోత్సవ సభ యేర్పడెను. ఇటులు మూడు ఉత్సవములు ఒకటైనవి. స్త్రీలును పురుషులతోపాటు పాడవచ్చునని నిర్ణయమైనది. 1941 ఆరాధనమున ఆ నిర్ణయ మమలు జరిగెను. అప్పటికి నాగరత్నమ్మకు 62 ఏండ్లు. ప్రతిష్ఠ జరిగి 16 ఏండ్లు.

ఆ దినములలోనే మఱియొక మంచి మార్పు వచ్చెను. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగములలో స్వామివారు రచించిన పంచరత్న కృతులను విద్వాంసులందఱును ఒక్కచోట కూర్చుండి ఒక్క గొంతుతో పాడు వాడుక యేర్పడెను. అంతకుముందు ఎవరి కచేరి వారిదే, ఎవరి గొప్ప వారిదే. ఆ యైదింటిలో నాట రాగ కృతి సంస్కృతము. తక్కిన నాలుగును అచ్చముగా మన తెలుగు. కావేరి యొడ్డున తమిళులు, కన్నడిగులు, మలయాళులు చేరి ఆ తెలుగును పాడుట మీరు రేడియోలో వినియే యుందురు. ఆ గోష్ఠిలో ఆడుగొంతులు వినబడునపుడు, అవి ముందరికి వచ్చుటకు పట్టిన కాలము నాకు జ్ఞప్తికి వచ్చును.

నాగరత్నమ్మ తుదిదినములు తిరువయ్యారుననే గడపెను. మద్రాసు వైభవమును విడిచి, సమాధి సేవ చేసికొనుచు అచటనే యుండెను. త్యాగసేవాసక్త యను బిరుదు ఆ సేవనుబట్టి ఆమెకు వచ్చినది. 1949లో తన సొత్తు నంతయు ధర్మసంస్థకు చెందునట్లు పత్రము వ్రాయించెను. ఆ పత్రమున ఆమె విధించిన నిబంధనలు శ్రద్ధగా తలపవలసినవి. స్త్రీలకును పురుషులకును సమానముగా పూజచేయుటకును, పాడుటకును అధికార ముండవలెను. ఆ స్త్రీలలో దేవదాసీలును చేరియుండవలెను. సభ కలిసినది, నిర్ణయమైనది, ఇంక దీనిని కాగితముపై పెట్టుట యెందులకని మఱొకరైన ననుకొందురేమో. ఆమె యనుకొనలేదు. మాటపై నిలిచిన హక్కు మాటతో పోవునని ఆమె ఎఱుగును. పల్లెలలో పొలముగట్ల తగవులు చూచిన మీకును తెలియును.

1952 మే 19వ తేదీన ఆమె పరమపదించెను. ఏ కావ్యమునకై 1910లో ఆమె కలము పట్టెనో, ఆ కావ్యము మరల బహిరంగముగా అచ్చుపడినదియు ఆ సంవత్సరముననే.

ఆమె సమాధియు తిరువయ్యారుననే యున్నది. నేనొక పుష్య బహుళ పంచమినాటి యుదయమున అచటికి పోయితిని. తంజావూరునుండి 13 కిలోమీటర్లు. వడవారు, వెణ్ణారు, వెట్టారు, కుడమురుట్టి, ఆ వెనుక కావేరి. అయిదు ఏఱులు దాటి పోవలెను. ఊరి పేరునకు ఆ యైదేఱులే కారణము. మందిరమువద్ద ఇసుక వేసిన చోటు లేదు. పంచరత్నములు పాడు వేళకు, విద్వాంసులతోపాటు తాళము వేయు ముదుసలి స్త్రీలు, చదువుకొను పిల్లలు, పుస్తకమున తెలుగు సాహిత్యమును తమిళలిపిలో వ్రాసికొని చూచి పాడువారు, ఎందఱో వరుసలు తీరి కూర్చుండిరి. జనము కొంత తగ్గిన పిదప నాగరత్నమ్మ సమాధిని చూడబోతిని. త్యాగరాజస్వామివారి మందిరమునకు అభిముఖముగా ఆమె విగ్రహ మున్నది. చేతులు జోడించి కూర్చున్నట్లు మలచినారు. ఎవరో మల్లెదండ యొకటి వేసి పోయిరి. మీలో నెవరైన తిరువయ్యారు పోవుట తటస్థించినచో, స్వామివారి దర్శనము చేసికొని వెనుకకు తిరిగినపుడు ఎదురుగా నుండునది ఆమెయే.